జిల్లా మారింది, నియోజకవర్గం మారలేదెందుకు?

ప్రశ్న: మాది ఎల్కతుర్తి మండలం. 2016 దాకా కరీంనగర్ జిల్లా, ఇప్పుడు హనుమకొండ జిల్లా. ఓటు మాత్రం హుస్నాబాద్‌ నియోజకవర్గంలోనే. కలెక్టర్ ఒక దిక్కు, ఎమ్మెల్యే ఇంకో దిక్కు, ఎంపీ ఏమో కరీంనగర్ ఎంపీ. మమ్మల్ని వరంగల్ పశ్చిమలో కలపాలని హైకోర్టులో రిట్ వేస్తే ఫలితం ఉంటుందా? ఒకవేళ మారితే ఓటరు కార్డులు మళ్లీ చేయించుకోవాలా?

జవాబు: పక్కన భీమదేవరపల్లి వాళ్లదీ ఇదే గోస. హుస్నాబాద్ నియోజకవర్గం ఇవాళ మూడు జిల్లాల్లో ఉంది. హుస్నాబాద్, కోహెడ, అక్కన్నపేట సిద్దిపేటలోకి పోయాయి. సైదాపూర్, చిగురుమామిడి కరీంనగర్‌లోనే మిగిలాయి. మీ రెండు మండలాలు హనుమకొండలోకి వచ్చాయి.

జిల్లా హద్దు గీసేది రాష్ట్ర ప్రభుత్వం. నియోజకవర్గం హద్దు గీసేది డీలిమిటేషన్ కమిషన్, అంటే నియోజకవర్గాల పునర్విభజన సంఘం. ఇప్పుడున్న హద్దులు జస్టిస్ కుల్‌దీప్ సింగ్ కమిషన్ 2001 జనాభా లెక్కల మీద గీసినవి. 2008లో అమల్లోకి వచ్చాయి, 2009 ఎన్నికలు వాటి మీదే జరిగాయి. హన్మకొండ, కమలాపూర్, శాయంపేట, చేర్యాల నియోజకవర్గాలు మాయమైంది అప్పుడే. ఆనాటికి మీరు కరీంనగర్ జిల్లాలోనే ఉన్నారు కాబట్టి కమిషన్ చేసిన తప్పేమీ లేదు. ఆ తర్వాత జిల్లాలు మారాయి. జిల్లా పేరు మారితే ఎన్నికల సంఘం ఆ పేరు సవరిస్తుంది గానీ నియోజకవర్గం హద్దు జరిపే అధికారం దానికి లేదు.

రిట్ సంగతికొస్తే, నా సలహా వేయొద్దనే. కమిషన్ ఉత్తర్వు గెజిట్‌లో వస్తే చట్టంతో సమానం. దాన్ని కోర్టులో ప్రశ్నించకుండా రాజ్యాంగం 329వ అధికరణం అడ్డుపడుతుంది. 1967లో మేఘరాజ్ కొఠారీ కేసులో సుప్రీంకోర్టు ఈ మాటే చెప్పింది. ఉత్తర్వు పూర్తిగా ఏకపక్షంగా ఉంటే కోర్టులు చూడొచ్చని 2024లో అదే కోర్టు కాస్త తలుపు తెరిచింది. ‘మాకు దూరమైంది’ అన్న వాదన ఆ తలుపులోంచి దూరదు. ఫీజులు దండగ.

తెలంగాణ సీట్లు 119 నుంచి 153కు పెంచాలని విభజన చట్టం 26వ సెక్షన్‌లో ఉంది కదా అని చాలామంది అడుగుతారు. ‘రాజ్యాంగం 170వ అధికరణానికి లోబడి’ అన్న మాట కూడా అందులోనే ఉంది. 2026 తర్వాత జరిగే మొదటి జనగణన లెక్కలు వచ్చేదాకా సీట్ల సర్దుబాటు ఆగవచ్చని ఆ అధికరణం చెబుతుంది. వెంటనే పెంచాలన్న పిటిషన్‌ను 2025 జూలైలో సుప్రీంకోర్టు కొట్టేసింది.

మీరు బలంగా మాట్లాడాల్సింది ఇకపై వచ్చే డీలిమిటేషన్ కమిషన్ ముందు. 2002 డీలిమిటేషన్ చట్టం ప్రకారం కమిషన్ ముసాయిదా ప్రకటించి, అభ్యంతరాలు తీసుకుని, బహిరంగంగా విచారణ జరపాలి. భౌగోళికంగా కలిసి ఉండటం, పాలనా హద్దులు, రాకపోకలు, ప్రజల సౌకర్యం చూడాలని 9వ సెక్షన్ చెబుతోంది. కాబట్టి గ్రామసభ తీర్మానాలు, ఊరూరి జనాభా (ఓటర్ల సంఖ్య కాదు), మ్యాపు, బస్సు రూట్లు ఇప్పటినుంచే ఒక ఫైల్‌లో పెట్టుకోండి. ‘మా ఎమ్మెల్యే పట్టించుకోడు’ అని మాత్రం రాయకండి. అక్కడ దానికి విలువుండదు.

ఇంకొకటి, వరంగల్ పశ్చిమ అనే పట్టుదల వదలండి. మీకూ హనుమకొండకూ మధ్య హసన్‌పర్తి ఉంది, అది వర్ధన్నపేట నియోజకవర్గంలోది. దాన్ని దాటి మిమ్మల్ని పట్టణానికి అతికించడం కష్టం. పోనీ వర్ధన్నపేటలోనే కలుపుదామన్నా అది ఎస్సీ రిజర్వుడు, మీది జనరల్. రేపు రిజర్వేషన్లూ మారొచ్చు. మీ ఊళ్లో పోటీకి ఆశపడేవాళ్లెవరైనా ఉంటే వాళ్లతో ముందే మాట్లాడుకోండి, లేకపోతే తీర్మానం దగ్గరే పంచాయితీ అవుతుంది.

ఓటరు కార్డుకు టెన్షన్ వద్దు. హద్దు మారితే జాబితాలు అధికారులే సరిచేస్తారు. పోలింగ్ బూత్, జాబితాలో మీ వరుస సంఖ్య మారొచ్చు. అవి చూసుకుంటే చాలు.