వేళ్లు ముడుచుకోవడం లేదు, మరో డాక్టర్‌కు చూపించుకోవచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 47 ఏళ్లు. పాకాల దగ్గర పల్లె మాది, రెండు పాడి ఆవులున్నాయి. అయిదు నెలలుగా రెండు చేతుల వేళ్ల కణుపులు, మణికట్లు వాచి నొప్పి పెడుతున్నాయి. తెల్లవారుజామున నాలుగింటికి లేచి పాలు పిండబోతే వేళ్లు ముడుచుకోవు, ఆరు దాటితే గానీ పట్టు రాదు. తొడలు, భుజాలు కూడా లాగుతున్నాయి. ఎముకల డాక్టర్ గారు ఎక్స్‌రే చూసి కీళ్ల అరుగుదల అన్నారు. ఆర్‌ఏ ఫ్యాక్టర్ అనే రక్త పరీక్ష నెగెటివ్ కాబట్టి కీళ్లవాతం లేదన్నారు. డైక్లోఫెనాక్ నొప్పి మాత్రలు రోజుకు రెండు, కాల్షియం ఒకటి వేసుకుంటున్నాను. కొలెస్ట్రాల్‌కు ఏడాదిగా అటోర్వాస్టాటిన్ వాడుతున్నాను. ఇంట్లోవాళ్లు పుత్తూరు కట్టు (విరిగిన ఎముకలకు వేసే నాటు కట్టు) కట్టించుకోమంటున్నారు. మరో డాక్టర్ దగ్గరికి వెళితే మొదటి ఆయన నొచ్చుకుంటారేమోనని సంకోచంగా ఉంది.

జవాబు: అమ్మా, ముందుగా మీ సంకోచం సంగతి. రెండో డాక్టర్ అభిప్రాయం తీసుకోవడం రోగి హక్కు అని జాతీయ మానవ హక్కుల సంఘం రూపొందించిన రోగుల హక్కుల పత్రంలోనే ఉంది. మీ వైద్య రికార్డులు అడిగితే 72 గంటల్లోగా ఇవ్వాలని వైద్య మండలి 2002 నాటి నిబంధనలు చెబుతున్నాయి. కనుక మొదటి డాక్టర్ గారికి చెప్పకుండా వెళ్లనక్కర్లేదు. ‘నొప్పి తగ్గలేదండీ, కీళ్లవాతం డాక్టర్‌కు ఒకసారి చూపించుకుంటాను, చీటీ రాసివ్వండి’ అని నేరుగా అడగండి. నా దగ్గర చూపించుకున్నవారు ఇలా అడిగినప్పుడు నేను నొచ్చుకోలేదు, పైగా నాకు తట్టనిది మరొకరికి తట్టి రోగి బాగుపడిన సందర్భాలున్నాయి.

మీ విషయంలో రెండో అభిప్రాయం అవసరమని నేను గట్టిగా చెప్పడానికి కారణం ఆ రెండు గంటల బిగుసుకుపోవడమే. అరుగుదల వల్ల వచ్చే బిగుతు సాధారణంగా అరగంటలోపే సడలుతుంది, పని చేసేకొద్దీ నొప్పి పెరుగుతుంది, వేళ్లలోనైతే ఎక్కువగా గోటి దగ్గరి కణుపుల్లో కనిపిస్తుంది. పొద్దున గంటకు పైగా వేళ్లు ముడుచుకోకపోవడం, కదిలించేకొద్దీ సడలడం, రెండు చేతుల్లోనూ ఒకే చోట వాపు ఉండటం చూస్తే కీళ్ల లోపలి పొర వాచే జబ్బేమోనని అనుమానించాలి. చూడకుండా జబ్బు పేరు నేను తేల్చలేను. అయితే ఆర్‌ఏ ఫ్యాక్టర్ నెగెటివ్ వచ్చినంత మాత్రాన కీళ్లవాతం లేదనడానికి వీల్లేదు. ఆ జబ్బు ఉన్న అయిదుగురిలో కనీసం ఒకరికి ఈ పరీక్ష నెగెటివ్‌గానే వస్తుంది, తొలి నెలల్లో ఎక్స్‌రే కూడా మామూలుగానే ఉండవచ్చు. కీళ్లవాతాన్ని పట్టి చూపే యాంటీ సీసీపీ, ఒంట్లో వాపును తెలిపే ఈఎస్ఆర్, సీఆర్‌పీ రక్త పరీక్షలు, అవసరమైతే కీళ్ల అల్ట్రాసౌండ్ చేయించి, అన్నిటికంటే ముఖ్యంగా ప్రతి కణుపునూ వేలితో నొక్కి చూసి నిర్ణయించాలి. ఈ నొప్పులు మొదలయ్యే ముందు మీకు జ్వరం వచ్చిందేమో గుర్తు తెచ్చుకోండి, చికున్‌గున్యా తర్వాత కూడా నెలల తరబడి ఇలాంటి కీళ్ల నొప్పులు ఉంటాయి.

కండరాల లాగుడుకు వేరే కారణం ఉండవచ్చు. అటోర్వాస్టాటిన్ వల్ల కొందరికి తొడలు, భుజాలు నొస్తాయి. దాన్ని మీ అంతట మీరు మానేయకుండా, సీపీకే (కండరాలు దెబ్బతిన్నాయేమో చూసేది), టీఎస్‌హెచ్ (థైరాయిడ్), విటమిన్ డి పరీక్షల గురించి డాక్టర్‌ను అడగండి. నొప్పి వేరు, బలహీనత వేరు. కింద కూర్చుని చేయి ఊతం లేకుండా లేవగలుగుతున్నారా, తల దువ్వుకోవడానికి చేతులు పైకి లేస్తున్నాయా అన్నది గమనించి చెప్పండి.

మీరు చూపించుకోవలసింది రుమటాలజిస్టుకు, అంటే కీళ్లవాతం వైద్య నిపుణులకు. మరో ఎముకల డాక్టర్ దగ్గరికే వెళితే అదే మాట మళ్లీ వినే అవకాశం ఉంది. తిరుపతిలో బర్డ్ ఆసుపత్రి ప్రధానంగా ఎముకల శస్త్రచికిత్సలకు పేరుపొందినది కనుక, మీరు స్విమ్స్‌లో గానీ రుయాలో గానీ ముందుగా జనరల్ మెడిసిన్ ఓపీలో చూపించుకుని రుమటాలజీ సలహా అడగండి. వేలూరు సీఎంసీలో ఇందుకు ప్రత్యేక విభాగమే ఉంది, మన చిత్తూరు వైపు వారికి అది దూరమేమీ కాదు. ఎక్కడికైనా సరే, ఆలస్యం చేయకండి. వాతమే అయితే తొలి నెలల్లో సరైన మందు మొదలుపెట్టిన వారికి కీళ్లు వంకరపోకుండా కాపాడుకునే అవకాశం ఎక్కువ, మీకు ఇప్పటికే అయిదు నెలలు గడిచాయి.

వెళ్లేటప్పుడు రిపోర్టుతోపాటు ఎక్స్‌రే ఫిల్మును, వాడిన మాత్రల ఖాళీ అట్టలన్నిటినీ తీసుకెళ్లండి. తెల్లవారుజామున వేళ్లు వాచి ఉన్నప్పుడే, పిడికిలి ఎంతవరకు ముడుచుకుంటుందో తెలిసేలా, ఫోన్‌లో ఫొటో తీయించుకోండి. బస్సు దిగి ఓపీ చీటీ తీసుకుని లోపలికి వెళ్లేసరికి పదకొండవుతుంది, అప్పటికి వాపు తగ్గిపోతే డాక్టర్‌కు కనిపించేది మామూలు చేయే. ఊళ్లో ఎవరైనా నొప్పి సూది వేసి ఉంటే, పేరు లేని పొట్లం మాత్రలు ఇచ్చి ఉంటే దాచకండి. వాటిలో స్టెరాయిడ్ ఉంటే జబ్బు లక్షణాలను కప్పేస్తుంది, చాలా రోజులు వాడి ఉన్నట్టుండి ఆపినా ప్రమాదమే.

అయిదు నెలలుగా డైక్లోఫెనాక్ వేసుకుంటున్నారు కనుక క్రియాటినిన్ అనే కిడ్నీ పరీక్ష, బీపీ తప్పక చూపించుకోండి, ఎందుకంటే ఆ మాత్ర కడుపులో పుండుకు, కిడ్నీ దెబ్బకు కారణం కాగలదు. ఇక పుత్తూరు కట్టు మీద మనవాళ్లకున్న నమ్మకం నాకు తెలుసు. కానీ మీకు విరిగిన ఎముకేమీ లేదు. వాచిన కీలును బిగించి కట్టినా, నూనెతో గట్టిగా రుద్దినా నొప్పి, బిగుతు పెరుగుతాయి తప్ప లోపలి వాపు తగ్గదు.

ఒక్క కీలు ఉన్నట్టుండి ఎర్రగా వేడెక్కి జ్వరం వచ్చినా, మూత్రం టీ డికాక్షన్ రంగులోకి మారినా, మింగడం కష్టమైనా, మలం నల్లగా వచ్చినా అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.