ముందు పై బోల్టు విప్పండి

బొలెరో వెనక డిఫరెన్షియల్ (వెనక చక్రాలకు ఇంజిన్ శక్తి పంచే గేర్ల డబ్బా) ఆయిల్ మారుద్దామంటే, కొత్త ఆయిల్ పోసే పై ఫిల్లర్ బోల్టు కదలడం లేదన్నారు కదా బ్రదర్. అది ఊడేదాకా పాత ఆయిల్ దించే కింది డ్రెయిన్ బోల్టు ముట్టుకోకండి. ఆయిలంతా దించేశాక పైది రాకపోతే బండి అక్కడే ఉండిపోతుంది. రస్ట్ స్ప్రే కొట్టి రాత్రంతా వదిలేసి, పొద్దున పొడుగు పాన‌తో పట్టండి.

ఈ పని సెల్లార్ ర్యాంపు మీద మాత్రం వద్దు, బండి వాలి ఉంటే ఆయిల్ లెవెల్ తప్పు చూపిస్తుంది. బొలెరో ఎత్తుగానే ఉంటుంది, జాకీ లేకుండానే చేయి అందొచ్చు. ఎత్తాల్సి వస్తే నాలుగు మూలలా స్టాండ్లు పెట్టండి. హ్యాండ్‌బ్రేక్ పట్టేది వెనక చక్రాలనే, అవి లేస్తే హ్యాండ్‌బ్రేక్ ఉన్నా లేనట్టే!

మాన్యువల్‌లో రాసిన గ్రేడు ఆయిలే పోయండి, ఫిల్లర్ రంధ్రం అంచు దాకా వచ్చి కారితే చాలు. పాత ఆయిల్‌లో సన్నటి బూడిదరంగు పొడికి టెన్షన్ వద్దు, ఇనుప ముక్కలు కనిపిస్తే మెకానిక్‌కు చూపించండి. ఆ ఆయిల్ డ్రైనేజీలో పోయకండి.