గిబ్బన్‌కీ మన కొండముచ్చుకీ తేడా ఏమిటి? అది ఎందుకు అంతరిస్తోంది?

ముందు తోక చూడండి. ఉదయగిరి కొండల్లో కొండముచ్చు తోక ఒంటికన్నా పొడవు. గిబ్బన్‌కి తోకే ఉండదు. అది కోతి కాదు, తోకలేని వానరం (ఏప్).

మన దేశంలోని హూలాక్ గిబ్బన్ 6-9 కిలోలు తూగుతుంది, చేతులు కాళ్లకన్నా బాగా పొడవు. మగది నలుపు, కనుబొమలు తెలుపు. ఆడది ఈడొచ్చాక గోధుమరంగుకి మారుతుంది. అందుకే చాలామంది రెండు జాతులనుకుంటారు!

కొమ్మ నుంచి కొమ్మకి చేతులతో ఊగుతూ పోతుంది, నేలమీదికి దాదాపు దిగదు. చిక్కంతా అక్కడే. అస్సాంలో జోర్హాట్ దగ్గర హొల్లోంగాపార్ అభయారణ్యం సుమారు 21 చదరపు కిలోమీటర్లే. దాన్నీ రైలు పట్టాలు రెండుగా చీల్చాయి. అటువైపు గుంపులు అటే చిక్కుకుంటాయి, జత దొరకదు. పట్టాలకి రెండువైపులా చెట్లు పెంచి, పైన కొమ్మలు కలిసేలా చూడాలి. మొక్కలు నాటి లెక్క చూపితే చాలదు.