చదువుకున్నవాళ్లు కూడా డిజిటల్ అరెస్టుకు ఎందుకు లొంగిపోతున్నారు?

పోలీసులమని నమ్మించి, వీడియో కాల్‌లోనే అరెస్టు చేశామని బెదిరించి డబ్బు గుంజే మోసమే డిజిటల్ అరెస్టు. డాక్టర్లు, రిటైర్డ్ ఆఫీసర్లు, సాఫ్ట్‌వేర్ వాళ్లు కూడా ఇలా 'అరెస్టయి' లక్షలకు లక్షలు పంపించేస్తున్నారు, ఇంత చదువు ఉండి ఇదేం అమాయకత్వం, ఇంట్లో పెద్దవాళ్లకు ఏం చెప్పాలి అని ఒకరు అడిగారు.

నన్నడిగితే అమాయకత్వానికీ దీనికీ పెద్దగా సంబంధం లేదు. జీవితమంతా పద్ధతిగా బతికినవాళ్లే ఇందులో ఎక్కువ పడుతున్నారు. సర్కారు కాగితం వస్తే భయపడాలి, బ్యాంకు నుంచి ఫోన్ వస్తే జవాబు చెప్పాలి, గడువంటే గడువే అని నలభై ఏళ్లు నేర్పించి, ఇప్పుడు "అయ్యో, అంత తేలిగ్గా ఎలా నమ్మేశారండీ" అని బుగ్గలు నొక్కుకుంటే ఎలా?

మా బాబాయ్ ట్రెజరీలో పనిచేసి రిటైరయ్యారు. గుంటూరు జిల్లాలో ఉంటారు. బిల్లు మీద ఒక్క సంతకం తక్కువైతే కలెక్టరాఫీసు బిల్లయినా వెనక్కి పంపిన మనిషి. ఒకరోజు పొద్దున్నే ఆయనకు ఫోన్ వచ్చింది. ఆయన ఆధార్ మీద ముంబైలో ఎవరో సిమ్ తీసుకున్నారట, ఆ నంబరుతో ఖాతా తెరిచి నల్లడబ్బు తిప్పారట. "మీ తప్పేమీ లేదని మాకు తెలుసు సార్, కానీ ప్రొసీజర్ ఫాలో అవ్వాలి కదా" అన్నాడట అవతలివాడు. ఆ మాటకు బాబాయ్ సగం పడిపోయి ఉంటారు.

తర్వాత వాట్సాప్ వీడియో కాల్. ఖాకీ చొక్కా, వెనకాల జెండా, గోడ మీద మూడు సింహాలు. ఈడీ పేరుతో ఒక ఉత్తరం కూడా పంపారు. అది నేను తర్వాత చూశాను. ఫైలు నంబరు, తేదీ, గుండ్రటి సీలు, అన్నిటికంటే కింద 'కాపీ టు' అని మూడు ఆఫీసుల పేర్లు. "ఆ కాపీ టు చూసి నమ్మానురా" అన్నారు బాబాయ్. దొంగ ఉత్తరం రాసేవాడు దాని నకళ్లు ఎవరెవరికి వెళ్తాయో ఎందుకు రాస్తాడు అని ఆయన లాజిక్కు. ముప్పై ఏళ్లు ఆఫీసులో పనిచేసిన ఎవరికైనా ఆ లాజిక్కే తడుతుంది. ఆ ఉత్తరం రాసినవాడికీ అది తెలుసు.

మీ డబ్బు సక్రమమైనదో కాదో చూడాలి, ఆర్‌బీఐ ఖాతాకు పంపండి, పరిశీలించి తిరిగి వేస్తాం అన్నారు. బాబాయ్ చొక్కా మార్చుకుని, ఎఫ్‌డీ కాగితాలు సంచిలో పెట్టుకుని బ్యాంకుకు బయల్దేరుతుంటే పిన్ని ఎదురొచ్చింది. ఎవరికీ చెప్పకూడదని ఆర్డరు కాబట్టి ఆయన సైగలు చేస్తున్నారు. పిన్ని చదివింది ఏడో తరగతి. ఫోన్లోకి తొంగి చూసి, అవతలివాడికి వినపడేలా అడిగింది: "పొలం గట్టు తగాదాకి మనం స్టేషన్ చుట్టూ తిరిగినప్పుడు ఎస్సైగారు తలెత్తి చూసేసరికే మధ్యాహ్నమయ్యేది. ఈయనెవరండీ, పొద్దున్నుంచీ మీ ఒక్కరితోనే కూర్చున్నాడు? వేరే పనేం లేదా?"

వాడు పిన్నిని కూడా అరెస్టు చేస్తానన్నాడట. "రండి, వంటయింది, తినేసి తీసుకెళ్దురుగాని" అని ఫోన్ లాక్కుని కట్ చేసి, నాకు చేసింది.

ఈ మోసం మీద నేను చాలా వ్యాసాలు చదివాను. ఇంత మంచి విశ్లేషణ ఎక్కడా కనపడలేదు. అసలు పోలీసు ఎలా మాట్లాడతాడో తెలిసినవాళ్లకు నకిలీ పోలీసు ఇట్టే దొరికిపోతాడు. కూరగాయల బండి నడిపే ఆవిడ ఇలాంటి ఫోన్ వస్తే "ఏం కావాలో స్టేషన్‌కొచ్చి చెప్పు" అని పెట్టేస్తుంది. స్టేషన్ గడప తొక్కకుండా బతికామని గర్వపడే మధ్యతరగతి మనిషికే పోలీసంటే ఏమిటో తెలియదు. గంటల తరబడి, ఓపిగ్గా, 'సార్' అంటూ ఇంగ్లీషులో కేసు వివరించే అధికారి ఈ దేశంలో ఉంటాడని నమ్మడానికి బాగా చదువుకుని ఉండాలి.

చదువే కాదు, హోదా కూడా అడ్డుపడదు. వర్ధమాన్ గ్రూపు అధినేత ఎస్.పి. ఓస్వాల్‌కు అప్పటికి 82 ఏళ్లు, బట్టల పరిశ్రమలో దిగ్గజం. 2024 ఆగస్టులో ఆయన కోసం ఏకంగా ఆన్‌లైన్‌లో నకిలీ సుప్రీంకోర్టు నడిపారు. అప్పటి ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్ పేరు వాడుకుని ఒకడు విచారణ జరిపాడు. 7 కోట్లు పంపారాయన. పోలీసులు 5.25 కోట్లు వెనక్కి రాబట్టగలిగారు, అది వేరే అదృష్టం. లాయర్లను జీతానికి పెట్టుకోగలిగిన మనిషే ఆ క్షణంలో ఒక్క లాయరుకు ఫోన్ చేయలేదంటే అక్కడ పనిచేసింది తెలివితక్కువతనం అనుకోలేం. ఎవరికీ చెప్పొద్దన్న ఒక్క షరతు, దాని వెనక భయం, అంతే.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. దొంగలు మాట్లాడే భాష వాళ్లేమీ కొత్తగా కనిపెట్టలేదు. మనకు రోజూ వచ్చే నిజమైన మెసేజీలు ఒకసారి చదవండి. కేవైసీ ఈరోజే పూర్తి చేయండి, లేదంటే ఖాతా నిలిచిపోతుంది. కింద నాలుగక్షరాల లింకు. తెలియని నంబరు నుంచి ఫోన్, ఎత్తగానే కంగారు పెట్టే గొంతు. నాకొక బ్యాంకు కార్డు విభాగం నుంచి ఫోన్ వచ్చింది, మామూలు పదంకెల నంబరు నుంచి. "వెరిఫికేషన్ కోసం మీ డేట్ ఆఫ్ బర్త్ చెప్పండి సార్" అంది ఆ అమ్మాయి. "ఫోన్ చేసింది మీరు కదమ్మా, ముందు మీరెవరో నాకు వెరిఫై చేయండి" అన్నాను. కాసేపు నిశ్శబ్దం. "సార్, అలాంటి ఆప్షన్ లేదు సార్" అంది. పాపం, నిజమే చెప్పింది. ఆ ఫోన్ అసలుదేనని తర్వాత బ్రాంచిలో తేలింది. పైగా వివరాలు చెప్పనందుకు 'కస్టమర్ సహకరించలేదు' అని రాసుకున్నారు.

దీనికి మందు లేదని కాదు. బ్యాంకులు లావాదేవీల గురించి చేసే ఫోన్లకు 1600తో మొదలయ్యే నంబర్లు, అమ్మకాల ఫోన్లకు 140తో మొదలయ్యేవి వాడాలని ఆర్‌బీఐ 2025 జనవరిలో ఆదేశించింది. బ్యాంకుల వెబ్‌సైట్లన్నీ 2025 అక్టోబరు 31కల్లా 'డాట్ బ్యాంక్ డాట్ ఇన్' చిరునామాకు మారాలంది. ఈ రెండోది నాకు బాగా నచ్చింది, పెద్దవాళ్లకు ఒక్క ముక్కలో చెప్పొచ్చు: చివర్లో ఆ ముక్క లేకపోతే అది బ్యాంకు కాదు. ఇలాంటివి పదేళ్ల ముందే రావాల్సింది.

బదులుగా మనకు వచ్చింది కాలర్ ట్యూన్. 2025 జూన్‌లో ఆపేసేదాకా ఎవరికి ఫోన్ చేసినా ముందు సైబర్ మోసాలతో జాగ్రత్త అంటూ అమితాబ్ బచ్చన్ గారు పలికేవారు. బాబాయ్ సంగతి కనుక్కుందామని పిన్నికి ఫోన్ చేస్తే, పిన్ని ఎత్తేలోపు నాకో ఉపన్యాసం. దీన్ని అవగాహన కార్యక్రమం అంటారు. బాధ్యతంతా మన నెత్తిన పెట్టడానికి ఇంతకంటే చవకైన మార్గం ఉండదు. ఇన్నిసార్లు చెప్పాం కదా, అయినా పోగొట్టుకున్నావంటే తప్పు నీదే అన్నమాట.

ప్రధాని మోదీ కూడా 2024 అక్టోబరులో మన్ కీ బాత్‌లో చెప్పారు, చట్టంలో డిజిటల్ అరెస్టనేదే లేదు, ఆగండి, ఆలోచించండి, ఆ తర్వాత చర్య తీసుకోండి అని. మంచి మాటే. కానీ హోం శాఖ లెక్కల్లో 2023లో సైబర్ మోసాలకు జనం పోగొట్టుకున్నది సుమారు 7,465 కోట్లు, 2024లో 22,845 కోట్లు. మూడింతలు. ఆగి ఆలోచించాల్సినవాళ్లు మనం ఒక్కళ్లమేనా? ఇంకో సంగతి, ఆ 2024 మొదటి నాలుగు నెలల్లో డిజిటల్ అరెస్టులకు పోయింది 120 కోట్లయితే, ట్రేడింగ్ మోసాలకు పోయింది 1,420 కోట్లు. భయపడినవాళ్లను చూసి నవ్వేవాళ్లలో ఎంతమంది ఏ టెలిగ్రామ్ గ్రూపులో షేర్ల చిట్కాలకు డబ్బు కట్టి గుట్టుగా ఉన్నారో!

నాకు అన్నిటికంటే మండేది మ్యూల్ అకౌంట్ల విషయం. కొట్టేసిన డబ్బు దొంగ జేబులోకి నేరుగా పోదు. ఎవరి పేరు మీదో తెరిచిన ఖాతాకు వెళ్లి, నిమిషాల్లో అక్కడినుంచి పది ఖాతాల్లోకి చీలి, విత్‌డ్రా అయిపోతుంది, లేదా క్రిప్టోగా మారిపోతుంది. ఆ ఖాతాలన్నీ మన బ్యాంకుల్లోవే. కాస్త కమీషన్‌కు ఆశపడి ఖాతా, ఏటీఎం కార్డు, సిమ్ము అప్పజెప్పే కుర్రాళ్లు ఉన్నారు. సంతకంలో ఒక గీత తేడా వస్తే నా చెక్కును వెనక్కి పంపే వ్యవస్థకు, నిన్నటిదాకా వెయ్యి రూపాయలు లేని ఖాతాలో ఒక్క పూటలో కోటి వచ్చి పోతే తేడా కనపడదా? 2025 డిసెంబరు 1న డిజిటల్ అరెస్టు కేసుల్ని సీబీఐకి అప్పగిస్తూ సుప్రీంకోర్టు కూడా ఆర్‌బీఐని దాదాపు ఇదే అడిగింది: ఇలాంటి ఖాతాలను పట్టడానికి ఏఐని ఎందుకు వాడటం లేదని. కోర్టు ఆదేశాలనే ఫోర్జరీ చేసి హర్యానాలో ఒక వృద్ధ దంపతులను దోచుకున్నాక, కోర్టు తనంతట తానే తీసుకున్న కేసు అది.

సరిగ్గా ఆ రోజుల్లోనే టెలికాం శాఖ అన్ని కొత్త ఫోన్లలోనూ సంచార్ సాథీ యాప్ తప్పనిసరిగా ఉండాలని హుకుం జారీ చేసి, గోల చెలరేగేసరికి డిసెంబరు 3న వెనక్కి తీసుకుంది. దొంగను పట్టుకోమంటే మా ఇంట్లోకి వచ్చి కూర్చుంటామన్నట్టు. (యాప్ పనికిరానిదని అనను. మీ పేరు మీద ఎన్ని సిమ్ములున్నాయో అందులో చూసుకోవచ్చు. కావాలనుకున్నవాళ్లు వేసుకుంటారు.)

అవతల మాట్లాడేవాడి గురించి కూడా ఒక మాట. తెలుగులో, మన యాసలో మాట్లాడుతున్నాడు కాబట్టి మనవాడే అనుకుంటారు చాలామంది. మనవాడే కావచ్చు కూడా. డేటా ఎంట్రీ ఉద్యోగమని ఆశపెట్టి మన పిల్లల్ని కంబోడియాకు, మయన్మార్‌కు తీసుకెళ్లి, పాస్‌పోర్టులు లాక్కుని ఈ పని చేయించే ముఠాలున్నాయి. 2024 మేలో విశాఖ పోలీసులు బయటపెట్టిన కంబోడియా వ్యవహారం ఇదే. 2025 మార్చిలో మయన్మార్ మోస కేంద్రాల నుంచి బయటపడ్డ 283 మందిని ఒకరోజు, 266 మందిని మర్నాడు వాయుసేన విమానాల్లో తీసుకొచ్చారు. అంటే ఆ వీడియో కాల్‌లో రెండు వైపులా బందీలే ఉండొచ్చు.

ఇక ఇంట్లోవాళ్లకు ఏం చెప్పాలి అన్నారు. జాగ్రత్తలు చెప్తే మా బాబాయ్‌లాంటివాళ్లకు ఎక్కవు, ఆర్డరు చూపిస్తే ఎక్కుతాయి. విచారణకు రమ్మని పోలీసులిచ్చే నోటీసును వాట్సాప్‌లో పంపడం చెల్లదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. ఆ సంగతి చెప్పగానే ఆయన డైరీ తీసి తేదీతో సహా రాసుకున్నారు. రాసుకుని ఓ ప్రశ్న వేశారు: "మరి సర్టిఫికెట్లు వాట్సాప్‌లోనే ఇస్తున్నారు కదరా?" నిజమే, ఆంధ్రలో 2025 జనవరి నుంచే మన మిత్ర పేరుతో వాట్సాప్‌లో ప్రభుత్వ సేవలున్నాయి, బాగానే ఉన్నాయి. అక్కడ మనం అడిగితే వాళ్లిస్తారు, ఇక్కడ మనం అడక్కుండానే వాళ్లొస్తారు అని చెప్పాను. సగం ఒప్పుకున్నారు.

ఇంకా రెండు పనులు చేశాం. ఫోన్‌పే, గూగుల్‌పే ఉన్న ఖాతాలో ఇంటి ఖర్చు మాత్రమే ఉంచి, ఎఫ్‌డీలున్న బ్యాంకుకు ఆన్‌లైన్ లావాదేవీలు లేకుండా తీసేయించాం. కౌంటర్ దాకా వెళ్లాల్సి వస్తే కనీసం ఇంకో మనిషి ముఖం చూస్తారు, చాలాసార్లు బ్యాంకు సిబ్బందే అనుమానించి ఆపుతున్నారు. డెబ్భై ఏళ్ల మనిషి ఎఫ్‌డీలన్నీ ఒకేరోజు రద్దు చేసి, ఎన్నడూ పంపని ఖాతాకు పంపుతానంటే ఆ డబ్బును ఒక్క రాత్రి ఆపే నిబంధన ఉండాలని నా పట్టుదల. నిజమైన అవసరమైతే తెల్లారాక వెళ్తుంది.

డబ్బు పోయాక అయితే ఏడుపులూ, మా పరువేంకాను అనే చర్చలూ తర్వాత. ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఎంత పంపారు, ఎప్పుడు, ఏ ఖాతాకు, యూటీఆర్ నంబరు (ఆ లావాదేవీకి బ్యాంకు ఇచ్చే గుర్తింపు నంబరు) ఎంత అన్నవి చేతిలో పెట్టుకోండి, అవే అడుగుతారు. డబ్బు ఇంకా ఏదో ఒక ఖాతాలో ఉంటేనే హోల్డ్ చేయగలరు, అందుకే గంటలు లెక్క. మీ ప్రమేయం లేకుండా మూడోవాళ్ల వల్ల డబ్బు పోతే, మూడు పనిదినాల్లో చెబితే మీ మీద భారం పడదని ఆర్‌బీఐ 2017 నిబంధన ఉంది గానీ, మీరే మీ చేత్తో పంపినదానికి అది వర్తించదు, దాని మీద ఆశ పెట్టుకోకండి. ఫిర్యాదు పెట్టాక కొన్నాళ్లకు "మీ డబ్బు రికవరీ అయింది, ప్రాసెసింగ్ ఫీజు కడితే వేసేస్తాం" అని మర్యాదగా ఇంకో ఫోన్ రావచ్చు. అదీ వాళ్ల బాపతే.