అంగారకుడి పక్కనుంచి తోకచుక్క: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో తోకచుక్కల గురించినవే ఎక్కువ. అన్నిటి వెనకా ఒకటే అనుమానం కనిపించింది: ఢీకొట్టకుండా పక్కనుంచి వెళ్లిపోయే తోకచుక్క గ్రహాన్ని ఏం చేయగలదు? అందుకే వాటిలో కొన్నిటిని ఒకచోట చేర్చి జవాబిస్తున్నాను.

ప్రశ్న: ఈమధ్య త్రీ-ఐ అట్లస్ అనే తోకచుక్క అంగారకుడి దగ్గరగా వెళ్లిందని, అక్కడి గాలి మొత్తం మారిపోయిందని మా వాట్సాప్ గ్రూపులో తెగ తిరిగింది. పక్కనుంచి వెళ్తేనే వాతావరణానికి ఏమైనా అవుతుందా సార్? అలా నిజంగా ఎప్పుడైనా జరిగిందా?
– ఇంటర్ విద్యార్థి, ఖమ్మం

జవాబు: ముందు ఆ ఫార్వర్డ్ సంగతి తేల్చేద్దాం. త్రీ-ఐ అట్లస్ 2025 అక్టోబరు 3న అంగారకుడికి దగ్గరగా వచ్చిన మాట నిజమే. కాకపోతే ఆ దగ్గర అనేది దాదాపు 3 కోట్ల కిలోమీటర్లు, మనకీ చంద్రుడికీ ఉన్న దూరానికి డెబ్బై రెట్లకు పైనే. దానివల్ల అక్కడి గాలి మారిపోయిందనడం వట్టి పుకారు.

నీ రెండో ప్రశ్నకు మాత్రం జవాబు అవును. జరిగింది, అదీ మన కళ్లముందే, 2014లో. ఆ తోకచుక్క పేరు సైడింగ్ స్ప్రింగ్. ఆస్ట్రేలియాలో ఆ పేరుతోనే ఉన్న అబ్జర్వేటరీ నుంచి రాబర్ట్ మెక్‌నాట్ 2013 జనవరి 3న దాన్ని కనిపెట్టాడు. (సరిగ్గా పది రోజులకు ఆ కొండమీదికి కార్చిచ్చు వచ్చింది, కొన్ని భవనాలు కాలిపోయాయి, అదృష్టం కొద్దీ టెలిస్కోపులు మిగిలాయి.) అది సౌరకుటుంబం అంచున ఉన్న మంచు ముద్దల గుంపు, ఊర్ట్ మేఘం నుంచి లక్షల ఏళ్లు ప్రయాణించి మొదటిసారి సూర్యుడి వైపు వస్తోంది. వస్తూ వస్తూ 2014 అక్టోబరు 19న, మన టైము ప్రకారం అర్ధరాత్రికి కొన్ని నిమిషాల ముందు, అంగారకుడికి దాదాపు 1,40,000 కిలోమీటర్ల దూరంలో దూసుకుపోయింది. భూమికీ చంద్రుడికీ మధ్య దూరంలో మూడో వంతు కంటే కాస్త ఎక్కువ, అంతే. అంగారకుడితో పోలిస్తే దాని వేగం సెకనుకు 56 కిలోమీటర్లు. ఆ వేగంతో హైదరాబాద్ నుంచి విజయవాడకు ఐదు సెకన్లలో చేరిపోవచ్చు.

తోకచుక్క అనగానే మనం మధ్యలో ఉండే ఆ మంచు ముద్దనే ఊహించుకుంటాం. సైడింగ్ స్ప్రింగ్ ముద్ద నిజానికి చిన్నది. కిలోమీటరు వెడల్పు ఉంటుందని ముందు లెక్కేశారు, తీరా అంగారకుడి చుట్టూ తిరుగుతున్న ఎం.ఆర్.ఓ. నౌకలోని కెమెరా ఫొటోలు తీస్తే అందులో సగం కూడా ఉన్నట్టు కనిపించలేదు. కానీ ఎండ తగిలి ఆవిరైపోతున్న ఆ ముద్ద చుట్టూ గ్యాసు, దుమ్ము కలిసిన పెద్ద మేఘం ఉంటుంది, దాన్ని కోమా అంటారు. సైడింగ్ స్ప్రింగ్ కోమా పలచబడుతూ పలచబడుతూ దాదాపు పది లక్షల కిలోమీటర్ల దాకా పరుచుకుని ఉంది. అంటే ముద్ద పక్కనుంచి పోయినా, ఆ మేఘం మాత్రం అంగారకుణ్ని నిండా ముంచేసి వెళ్లింది.

ఇక గాలికి ఏమైందంటే, అంగారకుడి మీద వాతావరణ పీడనం మన దగ్గర ఉన్నదానిలో నూటికి ఒక వంతు కూడా ఉండదు, ఉన్నదాంట్లో 95 శాతం కార్బన్ డయాక్సైడే. అంత పలచని గాలి అయినా సెకనుకు 56 కిలోమీటర్లతో వచ్చే దుమ్ము రేణువును కాల్చేయడానికి సరిపోతుంది. రేణువు పై పొరల్లోని అణువులకు గుద్దుకుని వేడెక్కి ఆవిరైపోతుంది, అందులోని లోహాలు పరమాణువులుగా విడిపోయి గాలిలో కలుస్తాయి, వాటిలో చాలావరకు ఎలక్ట్రాన్ పోగొట్టుకుని అయాన్లుగా మారతాయి. ఇదంతా ఎవరి ఊహో కాదు. అంతకు నెల ముందే, సెప్టెంబరు 21న, అంగారకుడి పై వాతావరణాన్ని పరిశీలించడానికే తయారుచేసిన నాసా వారి మావెన్ అక్కడికి చేరింది. తోకచుక్క వెళ్లాక మావెన్ అతినీలలోహిత కాంతిలో చూస్తే మెగ్నీషియం, ఇనుము అయాన్ల వెలుగు కొన్ని గంటలపాటు మిగతా అన్నిటినీ మించిపోయి కనిపించింది, తర్వాత రెండు రోజుల్లో మెల్లగా తగ్గిపోయింది. మావెన్‌లోనే ఉన్న ఇంకో పరికరం పై గాలిని నేరుగా లోపలికి తీసుకుని తూచి, సోడియం, మెగ్నీషియం, ఇనుము సహా ఎనిమిది రకాల లోహ అయాన్లను గుర్తించింది. యూరప్ వారి మార్స్ ఎక్స్‌ప్రెస్ నౌకలోని రాడార్‌కి మరో సంగతి దొరికింది: అయనోస్ఫియర్‌లో (అయాన్లు, ఎలక్ట్రాన్లు ఉండే పై పొరలో) ఎలక్ట్రాన్లు ఒక్కసారిగా పెరిగిపోయాయి, అదీ మామూలుగా ఎక్కువగా ఉండే ఎత్తులో కాకుండా బాగా కింద. ఆ రోజు టన్నుల కొద్దీ తోకచుక్క దుమ్ము అంగారకుడి ఆకాశంలో కాలిపోయిందని అంచనా.

కాబట్టి మీ గ్రూపులో ఈసారి ఎవరైనా అడిగితే అట్లస్ గురించి కాదు, ఈ కథ చెప్పు. పుకారు కంటే ఇదే బాగుంటుంది, పైగా ఇది నిజం.

ప్రశ్న: మాది సూళ్లూరుపేట. మంగళ్‌యాన్ ఇక్కడి శ్రీహరికోట నుంచే కదా వెళ్లింది! ఈ తోకచుక్క వచ్చినప్పుడు అది అక్కడే ఉందా? ఎలా తప్పించుకుంది?
– హైస్కూల్ టీచర్

జవాబు: అక్కడే ఉందండీ. 2013 నవంబరు 5న పీఎస్‌ఎల్‌వీ మీద బయల్దేరిన మంగళ్‌యాన్ 2014 సెప్టెంబరు 24న అంగారకుడి కక్ష్యలో ప్రవేశించింది. దేశమంతా పండగ చేసుకుని నెల కూడా కాకముందే ఈ తోకచుక్క వచ్చిపడింది. ఇస్రో వాళ్లకు ఆ రోజుల్లో ఎంత టెన్షన్ ఉండి ఉంటుందో మీరే ఊహించండి.

భయమంతా దుమ్ముతోనే. ఒక మిల్లీగ్రాము బరువున్న రేణువు సెకనుకు 56 కిలోమీటర్ల వేగంతో వస్తే దాని శక్తి దాదాపు ఒక రైఫిల్ తూటాకి ఉన్నంత. సోలార్ ప్యానెల్‌కో ఇంధనం ట్యాంకుకో తగిలితే పని అయిపోయినట్టే. అయితే ఆ దుమ్ము ఎప్పుడు ఎక్కువగా వస్తుందో ముందే లెక్క తేలింది: తోకచుక్క బాగా దగ్గరికి వచ్చి వెళ్లిన గంటన్నర తర్వాత, కాస్త అటూఇటూగా ఓ ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాలూ నౌక అంగారకుడికి అవతలి పక్కన ఉంటే చాలు, గ్రహమే గోడలా అడ్డం ఉంటుంది. ఇస్రో అక్టోబరు 7న మంగళ్‌యాన్ కక్ష్యను సరిచేసింది. దానికి రెండు కిలోల లోపు ఇంధనమే ఖర్చయింది. నాసా కూడా తన మూడు నౌకలను ఇలాగే అవతలికి జరిపింది.

కొన్ని నెలల ముందు వేసిన లెక్కల్లో దుమ్ము చాలావరకు అంగారకుణ్ని తప్పించుకునే పోతుందని వచ్చింది. కొంతమంది ఇంత హడావుడి అవసరమా అని కూడా అనుకున్నారు. తీరా చూస్తే అనుకున్నదాని కంటే ఎక్కువే పడింది. నౌకలను దాచి మంచిపని చేశామని నాసా వాళ్లే తర్వాత ఊపిరి పీల్చుకున్నారు. ఆరు నెలలు పనిచేస్తే చాలనుకున్న మన మంగళ్‌యాన్ ఆ గండం దాటి 2022 దాకా మాట్లాడుతూనే ఉంది. పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు ప్రయోగం రోజుతో పాటు ఈ అక్టోబరు 7 గురించి కూడా చెప్పండి మాస్టారూ. నాకు మాత్రం అంత దూరంలో ఉన్న నౌకను అంత ఓపికగా, అంత తక్కువ ఇంధనంతో పక్కకు జరపడం కూడా ప్రయోగమంత గొప్పగానే అనిపిస్తుంది.

ప్రశ్న: మొదట ఈ తోకచుక్క అంగారకుణ్ని ఢీకొంటుందన్నారు, తర్వాత కాదన్నారు. శాస్త్రవేత్తలు ఇలా మాట మారిస్తే ఎలా నమ్మాలి?
– విశాఖపట్నం పాఠకుడు

జవాబు: ఢీకొంటుందని ఎవరూ అనలేదండీ, ఢీకొనే అవకాశం కొద్దిగా ఉంది, ఇప్పుడే కొట్టిపారేయలేం అన్నారు. ఆ తేడా పెద్దది. కొత్త తోకచుక్క కనిపించిన మొదటి వారాల్లో దాని దారిలో చిన్న ముక్కే మనకు తెలుస్తుంది. ఆ ముక్కను పట్టుకుని ఇరవై నెలల తర్వాత ఎక్కడ ఉంటుందో లెక్కేస్తే జవాబు ఒక చుక్కలా రాదు, లక్షల కిలోమీటర్ల వెడల్పున్న పట్టీలా వస్తుంది. ఆ పట్టీలో అంగారకుడు కూడా ఉన్నాడు. రోజులు గడిచేకొద్దీ కొత్త ఫొటోలు వచ్చాయి, 2012 చివర్లో తీసిన పాత ఫొటోల్లో కూడా అదే తోకచుక్క దొరికింది, పట్టీ సన్నబడింది, అంగారకుడు దాని బయటికి వచ్చేశాడు. కొత్త ఆధారం దొరికినప్పుడు లెక్క మార్చుకున్నారు కాబట్టే నేను వాళ్లను నమ్ముతాను.

ప్రశ్న: ఆ రోజు నేను అంగారకుడి మీద నిలబడి ఉంటే నాకేం కనిపించేది అంకుల్?
– తొమ్మిదో తరగతి అమ్మాయి, గుంటూరు

జవాబు: ఎంత మంచి ప్రశ్న అడిగావు తల్లీ! రాత్రి ఉన్న వైపు నిలబడితే ఉల్కల వాన కనిపించి ఉండేది. మావెన్ కొలతలను బట్టి గంటకు వేల సంఖ్యలో చుక్కలు రాలి ఉండొచ్చని శాస్త్రవేత్తలు చెప్పారు. సోడియం ఆవిరి వల్ల ఆకాశానికి కాస్త పసుపు వెలుగు కూడా పట్టి ఉండొచ్చు. నీ తల మీద ఏమీ పడేది కాదు, ఆ దుమ్మంతా ఎంతో ఎత్తులోనే కాలిపోయింది. అక్కడ మనుషులు లేరు గానీ ఆపర్చునిటీ రోవర్ ఉంది, అది తెల్లవారకముందు ఆకాశంలో ఆ తోకచుక్కను ఫొటో తీసింది. ఇంకో గ్రహం నేల మీద నుంచి తీసిన తోకచుక్క ఫొటో అది. దొరికితే చూడు, మసకగా ఉంటుంది, కానీ ఎక్కడి నుంచి తీశారో గుర్తుపెట్టుకుని చూడు.

ప్రశ్న: అంగారకుడికి అయస్కాంత క్షేత్రం లేదంటారు కదా. మరి తోకచుక్క దానిమీద ప్రభావం చూపిందని ఎక్కడో చదివాను. ఏది నిజం?
– ఇంజనీరింగ్ విద్యార్థి, వరంగల్

జవాబు: రెండూ నిజమే. భూమికి ఉన్నట్టు లోపలి నుంచి పుట్టే క్షేత్రం అంగారకుడికి ఇప్పుడు లేదు. పాతకాలపు అయస్కాంతత్వం అక్కడక్కడా రాళ్లలో మిగిలింది. దానికి తోడు సౌరగాలి, అంటే సూర్యుడి నుంచి వచ్చే విద్యుత్ కణాల ప్రవాహం, వచ్చి పై వాతావరణానికి తగిలినప్పుడు చుట్టూ ఒక బలహీనమైన తొడుగు ఏర్పడుతుంది. కోమాలోని గ్యాసులో కొంత ఎండకు అయాన్లుగా మారుతుంది, అందుకే దానికీ తనదైన అయస్కాంత తొడుగు ఉంటుంది. ఆ రెండూ ఒకదాన్లో ఒకటి కలిసిపోయి కొన్ని గంటలు అంతా అల్లకల్లోలమైంది. దుమ్ము భయంతో మావెన్‌లో కొన్ని పరికరాలను ఆపేసినా అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే మ్యాగ్నెటోమీటరును ఆన్‌లోనే ఉంచారు, అందుకే ఈ సంగతి తెలిసింది. కొద్దిసేపే అయినా ఒక బలమైన సౌర తుపాను వచ్చినంత ప్రభావం అది. ఇలాంటప్పుడు పై గాలి కొంత అంతరిక్షంలోకి జారిపోయే వీలుంది. మామూలు రోజుల్లో కూడా సౌరగాలి వల్ల అంగారకుడు సెకనుకు దాదాపు 100 గ్రాముల గాలి పోగొట్టుకుంటున్నాడని మావెనే కొలిచింది. కోట్ల ఏళ్లపాటు ఆగకుండా జరిగే ఆ నష్టం ముందు ఒక్క తోకచుక్క చేసేది చాలా చిన్నది.

ప్రశ్న: తోకచుక్క కనిపిస్తే కీడు అని మా అత్తగారు అనేవారు. అంగారకుడికి జరిగినట్టు మన భూమికి జరిగితే ఏమిటి బాబూ గతి?
– ఒక గృహిణి, రాజమండ్రి

జవాబు: మీ భయం నాకు అర్థమైందమ్మా. 1910లో ప్రపంచమంతా అలాగే భయపడింది. హేలీ తోకచుక్క తోకలో విషవాయువు ఉందని, మే నెలలో భూమి ఆ తోకలోంచి వెళ్తుందని పేపర్లలో వచ్చేసరికి కొన్ని దేశాల్లో జనం తలుపు సందులు మూసుకున్నారు, దొంగ మందులు కొనుక్కున్నారు. చివరికి ఎవరికీ ఏమీ కాలేదు, ఎందుకంటే ఆ తోక అంత పలచన. మనకు తెలిసినంతలో భూమికి బాగా దగ్గరగా వచ్చిన తోకచుక్కల్లో 1770 నాటి లెక్సెల్ ముందుంటుంది, అదీ 20 లక్షల కిలోమీటర్లకు పైనే ఆగింది. సైడింగ్ స్ప్రింగ్ అంత దగ్గరగా ఏదైనా వస్తే కంగారు పడాల్సింది నేల మీద ఉన్న మన గురించి కాదు, మన గాలి అంగారకుడి గాలి కంటే ఎన్నో రెట్లు దట్టమైంది, ఆ దుమ్మును తేలిగ్గా కాల్చేస్తుంది. దెబ్బ తగిలితే పైన తిరిగే ఉపగ్రహాలకు తగలాలి: టీవీ, జీపీఎస్, వాతావరణ హెచ్చరికలు. వాటికోసం ముందుగా సిద్ధపడటం ఎలాగో 2014లో నేర్చుకున్నాం.

తోకచుక్క దుమ్ము మీ పెరటి మీద కూడా ఏటా పడుతూనే ఉందమ్మా. హేలీ వదిలి వెళ్లిన దుమ్ములోంచి భూమి ఏడాదికి రెండుసార్లు వెళ్తుంది, మే 5, 6 తేదీల్లో ఒకసారి, అక్టోబరు 21 ప్రాంతంలో ఇంకోసారి. ఆ దుమ్ము ఉల్కలుగా రాలడం అక్టోబరులో చూడాలంటే అర్ధరాత్రి దాటాక వీధిలైట్లు లేని చోట తూర్పు వైపు, వరుసగా ఉండే మూడు చుక్కలు, ఎర్రటి ఆర్ద్రా నక్షత్రం కనిపించే వైపు చూడండి. మే నెలలో అయితే తెల్లవారుజామున మూడు నుంచి నాలుగున్నర మధ్య బాగుంటుంది. కళ్లు చీకటికి అలవాటు పడటానికి అరగంట పడుతుంది, ఆ అరగంటా ఫోను తీయకండి. బైనాక్యులర్లు అక్కర్లేదు. వెన్నెల ఎక్కువగా ఉన్న రోజైతే ఆ ఏటికి వదిలేయండి.