బిడ్డ నాది కాదంటే మనోవర్తి తప్పుతుందా?

ప్రశ్న: మాది జగిత్యాల జిల్లా. పదేళ్లుగా దుబాయ్‌లో పని చేస్తున్నాను. 2022 ఫిబ్రవరి చివర ఇంటికి వచ్చి, 45 రోజులుండి తిరిగి వెళ్లాను. ఆ నవంబరు చివరి వారంలో బాబు పుట్టాడు. ఏడాదిగా నేనూ నా భార్యా విడిగా ఉంటున్నాం. బంధువుల మాటలతో అనుమానం ముదిరి, బాబు వెంట్రుకలు ప్రైవేటు ల్యాబుకు పంపిస్తే నా డీఎన్ఏతో కలవలేదన్నారు. ఆమె ఇప్పుడు తనకూ బాబుకూ మనోవర్తి కోరుతూ కేసు వేసింది. ఈ రిపోర్టు చూపిస్తే బాబు బాధ్యత నాకు తప్పుతుందా?

జవాబు: ఆ రిపోర్టు ఒక్కదానితో తప్పదు. భారతీయ సాక్ష్య అధినియమం 116వ సెక్షన్ (పాత ఎవిడెన్స్ యాక్టులో 112) ప్రకారం, చెల్లుబాటయ్యే వివాహం కొనసాగుతుండగా గానీ, అది రద్దయ్యాక తల్లి మళ్లీ పెళ్లి చేసుకోకుండా ఉన్న 280 రోజుల లోపు గానీ పుట్టిన బిడ్డ ఆ భర్త సంతానమేననడానికి ఆ పుట్టుకే తిరుగులేని రుజువు. గర్భం నిలవగల రోజుల్లో దంపతులు కలుసుకునే వీలే లేదని నిరూపిస్తే తప్ప దానిని కాదనడం కుదరదు. కలిశారా లేదా అన్నది కాదు, కలిసే వీలు ఉందా అన్నదే ఇక్కడి ప్రశ్న. ఆ 45 రోజులూ మీరు ఇక్కడే ఉన్నారని మీ పాస్‌పోర్టు ముద్రలే చెబుతాయి, నవంబరు చివర నుంచి వెనక్కి లెక్కిస్తే గర్భం నిలిచిన కాలం అందులోనే పడుతుంది. మీ బంధువులు ఈ లెక్క వేసినట్లు లేరు.

ఇక ల్యాబు కాగితం. ఆ వెంట్రుకలు బాబువేనని ధ్రువీకరించేవారు లేరు. కుదురు లేని వెంట్రుకలైతే మామూలు పితృత్వ పరీక్షకు పనికిరావు కూడా. కోర్టు ద్వారా పరీక్ష కోరవచ్చు గానీ, అడిగిన ప్రతివారికీ అనుమతించరాదని సుప్రీంకోర్టు 1993లో గౌతమ్ కుందు కేసులోనే చెప్పింది. 2014లో నందలాల్ బద్వాయిక్ కేసులో భర్తే తండ్రి అన్న చట్టపు ఊహను డీఎన్ఏ ఫలితం తోసిరాజన్న మాట నిజమే. అయితే అక్కడ భర్త కలిసే వీలే లేదని వాదించాడు, పరీక్ష కోర్టు ఆదేశంతో జరిగింది. అప్పటికే చెల్లించిన సొమ్ము తిరిగి వసూలు చేయరాదని కూడా ఆ తీర్పులోనే ఉంది. భార్య వివాహేతర సంబంధాన్ని రుజువు చేయడానికి పిల్లవాడి రక్తాన్ని సాధనంగా వాడుకోవడాన్ని 2023లో అపర్ణా ఫిరోడియా కేసులో కోర్టు నిరాకరించింది. ఒకప్పటి మన గవర్నరు ఎన్.డి. తివారీకి 2012లో డీఎన్ఏ పరీక్ష జరిగింది గదా అని కొందరు అడుగుతుంటారు. అక్కడ పరీక్ష కోరింది తన తండ్రెవరో తేల్చుకోవాలనుకున్న కొడుకే.

మీరు ఆలోచించవలసింది మరొకటి ఉంది. 2025 జనవరిలో ఇవాన్ రతినం కేసులో, తల్లికి భర్త ఉండగా పుట్టిన యువకుడు వేరొకరిని తండ్రిగా చూపి మనోవర్తి కోరితే, ఆ భర్తే చట్టరీత్యా తండ్రి అని సుప్రీంకోర్టు తేల్చింది. అంటే మీరు వదిలేస్తే ఆ బాబు అడగడానికి చట్టంలో ఇంకొక తండ్రి దొరకడం చాలా కష్టం.

భార్య మీద ఆరోపణ ఉంటే విడాకుల పిటిషన్‌లో వేరే సాక్ష్యంతో తేల్చుకోండి. బాబు మనోవర్తిపై మధ్యంతర ఉత్తర్వు వస్తే చెల్లింపు ఆపకండి, బకాయిలకు వారెంటు రావచ్చు. ల్యాబు రిపోర్టును కౌంటరులో (కోర్టుకు మీరిచ్చే లిఖిత జవాబులో) పెట్టే ముందు, పాస్‌పోర్టుతో సహా అన్నీ మీ లాయరు గారికి చూపించండి.