జుట్టు సంగతి తర్వాత, ముందు రక్తపరీక్ష చేయించుకోండి

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. వయసు 29. మూడు నెలల కింద డెంగీ వచ్చి తగ్గింది. నెల రోజుల నుంచి దువ్వెన పెడితే చాలు, జుట్టు కుచ్చులుగా వస్తోంది. మా బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ, దానివల్లేనా? మెడికల్ షాపులో ఇచ్చిన బయోటిన్ 10 మి.గ్రా. మాత్రలు వాడుతున్నా. నెలసరి ఎనిమిది రోజులు ఉంటుంది, మెట్లెక్కితే ఆయాసం వస్తుంది. ఏ నూనె రాయాలి?

జవాబు: అమ్మా, నూనె కన్నా ముందు ఆ ఎనిమిది రోజుల నెలసరి, ఆయాసం సంగతి చూడాలి. రక్తహీనత కావచ్చు. మిమ్మల్ని చూడకుండా ఖాయంగా చెప్పలేను. సీబీపీ (రక్తకణాలు, హిమోగ్లోబిన్ చూసే పరీక్ష), సీరం ఫెరిటిన్ (ఐరన్ నిల్వ చూసేది), టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష) చేయించుకోండి. హిమోగ్లోబిన్ 12 గ్రాముల లోపు ఉంటే రక్తహీనతే. అది సరిగ్గా ఉన్నా ఫెరిటిన్ 15 లోపు ఉంటే ఒంట్లో ఐరన్ నిల్వ అయిపోయినట్టు. రక్తస్రావం ఎందుకు ఎక్కువవుతోందో గైనకాలజిస్టుకు చూపించుకోవాలి. కూర్చున్నా ఆయాసం, గుండెదడ ఉంటే మాత్రం ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.

ఇప్పుడు బయోటిన్ సంగతి. ఇదొక బి విటమిన్. ఎవరు రాశారు? మనిషికి రోజుకు కావాల్సింది 30–40 మైక్రోగ్రాములు. మీరు మింగుతున్నది దానికి కనీసం 250 రెట్లు. లోపం లేనివాళ్లకు దీనివల్ల జుట్టు పెరుగుతుందనడానికి గట్టి ఆధారం లేదు. పైగా ఇది ల్యాబ్ రిపోర్టులను తారుమారు చేస్తుంది. టీఎస్‌హెచ్ ఉన్నదానికన్నా తక్కువగా చూపించి, లేని థైరాయిడ్ జబ్బు ఉన్నట్టు భ్రమ పెడుతుంది. గుండెపోటును పట్టే ట్రోపోనిన్ కూడా తప్పుగా తక్కువ రావచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లోనే హెచ్చరించింది. రక్తం ఇచ్చేముందు కనీసం రెండు మూడు రోజులు ఆపండి, వాడిన సంగతి ల్యాబ్‌లోనూ డాక్టర్‌కూ చెప్పండి. ఐరన్ మాత్రలు కూడా షాపులో అడిగి తెచ్చుకోవద్దు. డాక్టర్ రాసిస్తే టీ, పాలకు గంట ఎడంగా వేసుకోండి. మలం నల్లగా వస్తే కంగారు పడి మానేయకండి.

జుట్టు ఊడటానికి డెంగీ కారణం అయ్యుంటుంది. పెద్ద జ్వరానికి, పెరుగుతున్న వెంట్రుకలు చాలావరకు ఒక్కసారే విశ్రాంతి దశలోకి పోతాయి. రెండు మూడు నెలలు అలాగే ఉండి, అడుగున కొత్తది మొలిచే వేళకు రాలతాయి. కుదురు చెడిపోదు. మామూలుగా ఆరు నెలల్లో సర్దుకుంటుంది, ఐరన్ తక్కువైతే ఆలస్యమవుతుంది. కానీ నాణెమంత గుండ్రంగా నున్నటి మచ్చ కనిపిస్తే అది పేనుకొరుకుడు, దాని వైద్యం వేరు. గురివింద గింజ అరగదీసి రుద్దకండి, అది విషం.

ఫ్లోరైడ్ తాగే నీళ్లలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే పళ్లకు, ఎముకలకు హాని. తలస్నానంతో జుట్టు కుదుళ్లను ఊడగొట్టదు. ఉప్పు నీళ్లకు జుట్టు బిరుసెక్కి మధ్యలో తెగుతుంది, అంతే. ఊడిన వెంట్రుక కొసన తెల్లటి చిన్న బొడిపె ఉంటే కుదురు నుంచి వచ్చిందని, లేకపోతే తెగిందని అర్థం.

నూనె ఏదైనా ఒకటే. కొబ్బరినూనె చాలు, గట్టిగా మర్దన చేయొద్దు.